తెలిసిన ముగింపునకై నిరీక్షణము

మన పాఠశాల గ్రంథాలయములో మిక్కిలి నలిగిన పుస్తకము లేవియని యెవరైన నడిగినచో, హారీ పాటరు కథా సంపుటములని తడవుకొనక చెప్పవచ్చును. అట్ట లూడి, అంచులకు బంక కాగితము లంటించియున్న ఆ పుస్తకములను ఇప్పటి పిల్లలును వంతులవారీగా కొనిపోవుచున్నారు. మొన్న నొక బాలుడు ఏడవ సంపుటమును తిరిగి యిచ్చుచు, సినిమాలలో ఏడింటిని చూచితిననియు, కడపటి దానిని మాత్రము చూడక నిలిపియుంచితి ననియు చెప్పెను. కారణ మడుగగా, "అదికూడ చూచినచో ఇంక చూడవలసినది ఏమియు మిగులదు గదా, మాష్టారూ" అనెను. ఆ మాట మమ్ము 2011వ సంవత్సరమునకు కొనిపోయినది. అప్పుడు మేము ఉద్యోగమునకు క్రొత్తవారము. ఆ చిత్రమునకై దినములు లెక్కించినవారము. ముగింపు ముందే తెలిసిన కథకై మనుష్యు లేల యంతగా వేచియుందురో ఇచ్చట కొంత వివరింప దలచితిమి.

ఎరుగనివారికై నాలుగు మాటలు. ఆంగ్ల రచయిత్రి జె. కె. రౌలింగు వ్రాసిన తొలి నవల 1997లో వెలువడెను. తల్లిదండ్రులు లేని బాలు డొకడు పదునొకండవ యేట హాగ్వర్ట్సు అను మంత్రవిద్యా పాఠశాలలో చేరుటతో కథ యారంభమగును. సంపుటమున కొక సంవత్సరము చొప్పున బాలునితో కూడ కథయు పెరుగును. తొలి చిత్రము 2001 నవంబరులోను, ఎనిమిదవదియు కడపటిదియు నగు చిత్రము 2011 జూలై 15వ తేదీనను విడుదల యయ్యెను.

ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ఎంత కాలమో, ఈ చిత్రముల కాలము ఇంచుమించుగ నంతయే. కథానాయకుని వేషమునకు డేనియల్ రాడ్‌క్లిఫ్ అను బాలుని 2000లో ఎన్నుకొనిరి. అప్పటి కతనికి పదునొకండేండ్లు. కడపటి చిత్రము వెలువడిననాటి కతనికి ఇరువదిరెండు నిండుటకు ఎనిమిది దినములే కొదువ. అతని స్నేహితులుగా నటించిన బాలికయు బాలుడును తుదివరకు మారలేదు. కావున తెరమీద కంఠము మారుట, మీసము మొలచుట నటన కాదు, ఉన్నదే. ఆ యీడు ప్రేక్షకులు వారితోకూడ పెరిగిరి. పెద్దలలో మాత్ర మొక మార్పు తప్పలేదు. ప్రధానోపాధ్యాయుడగు డంబుల్‌డోరు వేషము ధరించిన రిచర్డ్ హారిస్ 2002లో మరణింపగా, మూడవ చిత్రమునుండి మైకేల్ గాంబన్ ఆ వేషము ధరించెను. ఆయన గొప్ప నటుడే. అయినను మేము చాలకాలము ఆ మార్పునకు సమాధానపడలేదు.

నిరీక్షణము రెండు విధములు. 'ఏమి జరుగును?' అని వేచియుండుట మొదటిది. ఏడవ సంపుటము 2007 జూలై 21వ తేదీన వెలువడువరకు చదువరు లట్లే వేచియుండిరి. పుస్తకము చదివినతోడనే ఆ యాత్రము తీరిపోయెను. అయినను చిత్రము ముగియుటకు ఇంకను నాలుగేండ్లుండగా నిరీక్షణము తగ్గలేదు. దాని స్వభావము మారినది. మన పల్లెలలో ప్రహ్లాద నాటకము చూడ వచ్చినవారిలో స్తంభమునుండి నరసింహుడు వెలువడునని తెలియని వాడెవడు? ఎట్లు వెలువడునో చూచుటకే చాప పరచుకొని తెల్లవారువరకు కూర్చుందురు.

ఇందు కొక్క యుదాహరణము. స్నేపు అను కఠినుడగు ఉపాధ్యాయుని పాత్రను ఎనిమిది చిత్రములలోను ఆలన్ రిక్‌మన్ ధరించెను. పుస్తకము లింకను పూర్తికాకమునుపే రచయిత్రి ఆ పాత్ర రహస్యములో కొంత అతనికి మాత్రము తెలిపియుండెను. లోకమంత యెరుగని దానిని మనసున నుంచుకొని ఆయన యేండ్ల తరబడి నటించెను. ఆ రహస్యము బయలుపడు ఘడియలో ఆ ముఖ మెట్లుండునో యనియే మావంటివారి ముఖ్యమైన యాత్రము. ఆ రహస్య మేదియో చదువని పిల్లలకై ఇచ్చట దాచుచున్నాము.

ఆశతోపాటు భయమును ఉండెను. ఆరవ చిత్రమును 2008 నవంబరునుండి 2009 జూలైకి వాయిదా వేసినప్పుడే అభిమానులు మిక్కిలి కోపించిరి. పిమ్మట ఏడవ పుస్తకమును రెండు చిత్రములుగ విభజించిరి. ధనమునకై యట్లు చేసిరని కొందరనిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. 2010 నవంబరులో వచ్చిన మొదటి భాగము, ప్రతినాయకుడు సమాధినుండి మంత్రదండమును తీసికొనుటతో నిలిచిపోయెను. ఆ తరువాత ఎనిమిది నెలలు! ఇంతలో, పందొమ్మిదేండ్ల తరువాత రైలు స్టేషనులో జరుగు చివరి ఘట్టము సంతృప్తికరముగ రానందున 2010 డిసెంబరులో మరల తీసిరి. తుది ఘట్టమే చెడినదేమో యని భయము. చెడినదానిని దిద్దువా రున్నారని ధైర్యము.

2011 జూలై 7వ తేదీన లండను నగరమున తొలి ప్రదర్శనోత్సవము జరిగెను. అంతకు కొన్ని దినములు ముందుగనే అభిమానులు ట్రఫాల్గర్ చౌకునకు చేరి, వానలో తడియుచు, డేరాలలో రాత్రులు గడపిరి. వారము దినము లాగినచో ఆ చిత్రము వారి యూరిలోనే చూడవచ్చును. పరీక్షకు హాలుటికెట్లు చేతికి వచ్చిన పిదపను పదవ తరగతి పిల్లలు ఇండ్లకు పోక గేటు నొద్ద తచ్చాడుటను ఏటేట చూచుచున్న మాకు వారి మనసు తెలియకపోలేదు. ఇంతకును ఆ చిత్రము నిడివి నూట ముప్పది నిమిషములు; ఎనిమిదింటిలో నదియే చిన్నది.

ఆ బాలుని సంగతి మరియొకటి చెప్పవలసియున్నది. తక్కిన ఏడు చిత్రములను అతడు తన యన్నతో కూర్చుండి చూచెనట. అన్న యిప్పుడు పనిమీద దూరపు నగరమున నున్నాడు. క్రిస్మసు సెలవులకు వచ్చునట. ఒంటరిగా చూచుట కిష్టములేక ఆగియున్నాడు. అంతవరకు ఏమి చదువుదువని యడిగితిమి. అతడు మొదటి సంపుటమును తీసి బల్లమీద నుంచెను. దాని అట్ట మరల నూడియున్నది. అంటించి మరునా డిచ్చితిమి.