నిలబడితే నొప్పి, పడుకుంటే ఉపశమనం: మేరుద్రవం లీకును పట్టే పరీక్షలు

లేచి నిలబడితే భరించలేని తలనొప్పి, పడుకుంటే ఉపశమనం. ఈ లక్షణాలున్నవారికి మొదట మైగ్రేన్ మందులో, సైనస్ మందులో అందడం పరిపాటి. వెన్నుపామును కప్పి ఉంచే పొర ఏ గాయమూ లేకుండానే చిరిగి, మస్తిష్క మేరుద్రవం బయటకు కారడం అసలు కారణం కావచ్చు.

పెద్దవారిలో ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. మెదడు అందులో తేలుతుంది. ద్రవం తగ్గితే, నిలబడినప్పుడు మెదడు కిందికి జారి చుట్టూ ఉన్న పొరలను లాగుతుంది.

మొదటి పరీక్ష గాడోలీనియం ఇంజెక్షన్‌తో తీసే మెదడు ఎం.ఆర్.ఐ. కపాలం కుంచించుకోదు కనుక, ద్రవం ఖాళీచేసిన చోటును రక్తం ఆక్రమిస్తుంది. అందుకే మెదడు పైపొర మెరుస్తూ, సిరలు ఉబ్బి, పిట్యూటరీ గ్రంథి పెరిగినట్లు కనిపిస్తాయి. చిన్నమెదడు అడుగుభాగం జారడాన్ని పుట్టుకతో వచ్చే కియారీ లోపంగా పొరబడే ప్రమాదమూ ఉంది. అది అనవసరమైన శస్త్రచికిత్సకు దారితీయవచ్చు.

ఇంకా పెద్ద చిక్కు మరొకటి. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ ఎం.ఆర్.ఐ. మామూలుగానే వస్తుంది. నడుములో సూదితో కొలిచే ద్రవపీడనం కూడా చాలామందిలో సాధారణ స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి 'నార్మల్' అన్న నివేదికతో అన్వేషణ ఆగరాదు.

చిరుగు సాధారణంగా వెన్నెముక ప్రాంతంలో ఉంటుంది. వెన్ను ఎం.ఆర్.ఐ. బయటకు చేరిన ద్రవాన్ని చూపుతుంది గాని, అది పైకీ కిందికీ పాకడంవల్ల రంధ్రం ఎక్కడో చెప్పలేదు. అందుకు మైలోగ్రామ్ అవసరమవుతుంది. నడుము వద్ద కాంట్రాస్ట్ ద్రవం ఎక్కించి, బల్లను వంచి, అది చిరుగులోంచి జారే క్షణాన్ని వెనువెంటనే తీసే చిత్రాల్లో పట్టుకుంటారు.

2014లో వైద్యులు వర్ణించిన మరో రకం లీకు మరింత గడుసుది. ద్రవం నేరుగా పక్కనున్న సిరలోకి వెళ్లిపోతుంది. వెలుపల ఆనవాలు మిగలదు. రోగిని ఒక పక్కకు, ఆపై రెండో పక్కకు పడుకోబెట్టి తీసే మైలోగ్రామ్‌లలోనే అది బయటపడే అవకాశం ఎక్కువ.

అందరికీ ఇంతదూరం వెళ్లనక్కర లేదు. విశ్రాంతితోనూ, రోగి రక్తాన్నే వెన్నులో పొర వెలుపల ఎక్కించే బ్లడ్ ప్యాచ్‌తోనూ కొందరికి నయమవుతుంది. తగ్గనివారికి మాత్రం లీకు చోటు తెలియడం కీలకం. అప్పుడే చిరుగును కుట్టడమో, జిగురుతో మూయడమో, సిరను మూసివేయడమో సాధ్యం.

నెలలు గడిచేకొద్దీ నిలబడితే నొప్పి, పడుకుంటే తగ్గుదల అన్న తేడా మసకబారవచ్చు. అందువల్ల నొప్పి మొదలైన తొలిరోజుల్లో ఎలా ఉండేదో వైద్యునికి తప్పక చెప్పాలి.