ఓడినవారికి కొసరు

క్యాసినో క్లబ్బులు నిత్య ఆటగాళ్లకిచ్చే బహుమతుల లెక్క మారుతోంది. పాత ఉచితాలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. ఆ కొసరు కోసం ఆటగాడు చెల్లిస్తున్న మూల్యమెంత?

లాస్ వెగాస్‌లో స్లాట్ యంత్రం ముందు కూర్చున్న ఆటగాడు డబ్బు వేయడానికి ముందే ఓ ప్లాస్టిక్ కార్డు గుచ్చుతాడు. లేచి వెళ్లేటప్పుడు మరిచిపోకుండా కొందరు దాన్ని స్ప్రింగు తాడుతో చొక్కాకు తగిలించుకుంటారు. క్యాసినో క్లబ్ సభ్యత్వానికి గుర్తు ఆ కార్డే. ఎంత ఆడితే అన్ని పాయింట్లు. పాయింట్లు పెరిగితే గది ఉచితం, భోజనం ఉచితం, క్యూలో ముందు చోటు. కిరాణా కొట్టులో బియ్యం కొంటే షావుకారు చేతిలో పెట్టే బెల్లం ముక్క లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ కొసరు తూచే తక్కెడ షావుకారు ఎప్పుడు కావాలంటే అప్పుడు మారుతుంది.

అమెరికాలో అతి పెద్ద క్యాసినో క్లబ్బుల్లో ఒకటైన సీజర్స్ రివార్డ్స్ లెక్కనే తీసుకుంటే, స్లాట్ యంత్రంలో 5 డాలర్లు ఆడితే ఒక పాయింటు. నూరు పాయింట్లకు ఒక డాలరు విలువ. రిసార్ట్ ఫీజు మాఫీ లాంటి అసలైన సౌకర్యాలు దక్కే 'డైమండ్' హోదాకు ఏడాదిలో 15,000 పాయింట్లు కావాలి. ఒకప్పుడు 11,000 సరిపోయేవి. స్లాట్లతోనే ఆ హోదా చేరాలంటే 75,000 డాలర్ల పందేలు కాయాలి. యంత్రం సగటున 8 శాతం మిగుల్చుకుంటుందనుకుంటే నష్టం 6,000 డాలర్లు. చేతికొచ్చే పాయింట్ల విలువ 150 డాలర్లు. డిసెంబర్ 31 దాటితే హోదా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వీడియో పోకర్ ఆడేవారికైతే ఒక పాయింటుకు 10 డాలర్లు ఆడాలి. ఆ ఆటలో క్యాసినోకు మిగిలేది తక్కువ గనుక కొసరూ తక్కువే.

ఈ లెక్కల వెనక ఓ ప్రొఫెసర్ ఉన్నారు. 1997లో హర్రాస్ సంస్థ తన క్యాసినోలన్నింటికీ కలిపి ఒకే కార్డు పెట్టింది. మరుసటి ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన గ్యారీ లవ్‌మన్ ఆ కార్డు పోగేసిన సమాచారాన్ని తవ్వితీశారు. ఆదాయంలో 82 శాతం తెచ్చిపెడుతున్నది కేవలం 26 శాతం మంది ఆటగాళ్లేనని తేలినట్టు ఆయన 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. విశేషమేమిటంటే వాళ్లు సూట్లేసుకున్న కోటీశ్వరులు కారు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వైద్యులు, యంత్ర కార్మికులు. నడివయసు దాటి తీరిక దొరికి స్లాట్ల ముందు కూర్చునే మామూలు మనుషులు. అప్పటి నుంచీ క్లబ్బుల గురి వీళ్లమీదే.

గురి ఎంత సూటిగా ఉండేదంటే, ఒక్కో ఆటగాడు ఎంత పోగొట్టుకుంటే మనసు విరిగి లేచిపోతాడో కూడా హర్రాస్ కంప్యూటర్లు అంచనా కట్టేవి. నష్టం ఆ గీత దగ్గరికి రాగానే ఓ ఉద్యోగి నవ్వుతూ వచ్చి భోజనం కూపన్ చేతిలో పెట్టేవారు. ఆటగాడికి అది ఆదరణ. సంస్థకు అది లెక్క.

ఆ లెక్క విలువ 2015లో లోకానికి తెలిసింది. సీజర్స్‌ను కొని ఆ పేరే పెట్టుకున్న హర్రాస్ అప్పుల్లో కూరుకుపోయి, ఆ ఏడాది జనవరిలో దాని ప్రధాన విభాగం దివాలా కోర్టుకెక్కింది. రుణదాతలు ఆస్తులు లెక్కగడుతూ సుమారు 4.5 కోట్ల సభ్యులున్న క్లబ్ కార్యక్రమానికి కట్టిన విలువ 100 కోట్ల డాలర్లు. భవనాల కన్నా అక్కడ కూర్చునేవారి అలవాట్లే విలువైనవన్నమాట.

ఆటగాళ్లకు కోపం తెప్పించిన మార్పులు తర్వాతే వరుసకట్టాయి. దశాబ్దాలుగా ఉచితంగా ఉన్న కారు పార్కింగ్‌కు 2016లో ఎంజీఎం స్ట్రిప్‌లో రుసుము పెట్టింది. సీజర్స్ అదే దారి పట్టింది. ఒకప్పుడు అందరిదీ అయిన సౌకర్యం కొంత హోదా ఉన్న సభ్యులకు 'బహుమతి'గా మారింది. 2022లో ఎంజీఎం తన క్లబ్బును కొత్త పేరుతో తీర్చిదిద్దింది. గదికీ భోజనానికీ పెట్టే ప్రతి డాలరుకు హోదా లెక్కలో నాలుగు పాయింట్లు ఇస్తోంది. కారణం దాపరికమేమీ కాదు. స్ట్రిప్ ఆదాయంలో జూదం వాటా సగం కన్నా తగ్గి రెండు దశాబ్దాలు దాటింది. ఖరీదైన గది తీసుకుని ఒక్క పందెమూ కాయని యాత్రికుడూ ఇప్పుడు మంచి ఖాతాదారే. నెలనెలా వచ్చి స్లాట్లు తిప్పే పాత కాపు ఆయనతో పోటీపడాలి.

ఈ మంత్రం తెలుగు లోగిళ్లకు కొత్త కాదు. సెల్‌ఫోన్లలో రమ్మీ యాప్‌లు కూడా బోనస్‌లు, పాయింట్లు, అంచెలంచెల హోదాలతోనే ఆటగాళ్లను కట్టిపడేశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. దానితో కూడబెట్టుకున్న హోదాలకు విలువ లేకుండాపోయింది. గోవాలో మాండవి నదిపై తేలే క్యాసినోలు మాత్రం చట్టబద్ధంగానే నడుస్తున్నాయి. టికెట్‌లోనే తిండి, మందు, కొన్ని చిప్స్ కలిపి ఇచ్చే ప్యాకేజీ అక్కడి కొసరు. వాటిపై 28 శాతంగా ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతమైంది.

కార్డు ఎప్పుడూ ఆటగాడికి శత్రువే కానక్కర్లేదు. బ్రిటన్ 2020 అక్టోబర్ నుంచి వీఐపీ పథకాలకు షరతులు పెట్టింది. ప్రత్యేక బహుమతులు ఇచ్చే ముందు ఆ ఆటగాడికి అంత ఖర్చు పెట్టే స్తోమత ఉందా, జూదం వ్యసనంగా మారిన లక్షణాలున్నాయా అన్నది సంస్థే చూడాలి. ఆస్ట్రేలియాలో మరో అడుగు ముందుకేశారు. మెల్‌బోర్న్‌లోని క్రౌన్ క్యాసినోకు లైసెన్స్ పొందే అర్హత లేదని 2021లో రాయల్ కమిషన్ తేల్చింది. ఆపై 2023 డిసెంబర్ నుంచి అక్కడ కార్డు గుచ్చనిదే స్లాట్ యంత్రం కదలదు. ఎంత వరకు పోగొట్టుకోవచ్చో ఆటగాడు ముందే చెప్పాలి. ఆ హద్దు చేరగానే యంత్రం ఆడనివ్వదు.

ఆటగాడు ఎక్కడ లేచిపోతాడో కనిపెట్టి, లేవకుండా చూసేందుకు హర్రాస్ వాడిన సమాచారం లాంటిదే ఇదీ. మెల్‌బోర్న్‌లో ఆ గీత దగ్గర భోజనం కూపన్ రాదు. ఆట ఆగిపోతుంది.