వదిలేశారంటే ఎవరిదీ కాదనా? సోవియట్ బ్యాడ్జీలు, పాడుబడ్డ స్థావరాలు: అపోహలు – వాస్తవాలు

సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో అంతరించింది. అది తూర్పు యూరప్‌లో మోహరించిన సైన్యం మాత్రం ఒక్క రోజులో మాయం కాలేదు. హంగరీ, చెకొస్లొవేకియాల నుంచి 1991 జూన్‌లోనే, పోలండ్ నుంచి 1993లో, జర్మనీ నుంచి 1994 ఆగస్టు 31 నాటికి ఆ దళాలు వెళ్లిపోయాయి. ఒక్క జర్మనీ నుంచే దాదాపు 3.4 లక్షల మంది సైనికులు, వాళ్ల కుటుంబాలు, సిబ్బంది ఇంటిముఖం పట్టారు. వెనక బ్యారకులు, విమానాశ్రయాలు, క్షిపణి బావులు మిగిలాయి. సైనికుల ఛాతీ మీది బ్యాడ్జీలు, పతకాలు సంతల్లోకి వచ్చాయి. ఈ రెంటి చుట్టూ ఒక అభిరుచి పెరిగింది, దాంతోపాటే అపోహలూ పెరిగాయి. పాతది కాబట్టి అరుదైనదని, వెండీ బంగారం ఉంది కాబట్టి ఖరీదైనదని, ప్రతి స్థావరంలోనూ రేడియేషన్ పొంచి ఉంటుందని, లోపల దొరికింది దొరికినవాడిదేనని అంటుంటారు. వేర్వేరుగా వినబడినా వీటన్నిటి వేరు ఒకటే: రాజ్యమే పోయింది గనుక దాని వస్తువులకు యజమానీ లేడు, అడిగేవాడూ లేడు అనుకోవడం. సాక్ష్యాలు చూస్తే ఈ ఊహ ఎక్కడా నిలబడదు.

ముందు చేతిలో ఉన్నదేమిటో తేల్చుకోవాలి. ఎర్ర నక్షత్రం, సుత్తీ కొడవలీ కనబడితే చాలు, చాలామంది దాన్ని ‘మెడల్’ అనేస్తారు. సోవియట్ పద్ధతిలో ప్రభుత్వ పురస్కారం వేరు, బ్యాడ్జీ వేరు. ఆర్డర్ ఆఫ్ లెనిన్, ఆర్డర్ ఆఫ్ ద రెడ్ స్టార్ లాంటివి ఫలానా వ్యక్తికి, ఫలానా పనికి అని ఉత్తర్వు వేసి ఇచ్చిన పురస్కారాలు. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మకు 1984లో అంతరిక్షయానం తర్వాత దక్కిన ‘సోవియట్ యూనియన్ వీరుడు’ బిరుదు, దాని బంగారు నక్షత్రం ఈ కోవలోవే. బ్యాడ్జీ చెప్పేది మరొకటి: ఏ దళంలో పనిచేశాడు, ఏ శిక్షణలో నెగ్గాడు, పారాచూట్‌తో ఎన్నిసార్లు దూకాడు. ఈ తేడా పుస్తకాల్లో వాదులాడుకోవడానికి మాత్రమే పనికొచ్చేది కాదు. రష్యా క్రిమినల్ కోడ్ 324వ అధికరణం కింద రష్యా పురస్కారాలనే కాదు, సోవియట్ ప్రభుత్వ పురస్కారాలనూ అక్రమంగా కొన్నా, అమ్మినా నేరమే. ఆ ప్రభుత్వం పోయినా ఆ పురస్కారాలకు రక్షణ పోలేదు. మాస్కో ఇజ్మైలొవొ సంతలో బల్ల మీద పరిచి ఉన్నంత మాత్రాన అన్నీ కొనుక్కోదగినవి కావు. వైద్యవిద్య కోసం రష్యా వెళ్లే మన తెలుగు పిల్లలు, సెలవులకు వస్తూ నాన్నకో తాతయ్యకో కానుకగా తేవాలనుకుంటే, ఈ గీత ఎక్కడుందో తెలుసుకునే తీరాలి. బ్యాడ్జీ కొనడం వేరు, సీరియల్ నంబరున్న ఆర్డర్‌ను సూట్‌కేసులో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లడం వేరు.

పాతది కాబట్టి అరుదైనదే అన్న మాట అంకెల ముందు తేలిపోతుంది. 1945లో నెలకొల్పిన ‘జర్మనీపై విజయం’ పతకాన్ని దాదాపు కోటీ 50 లక్షల మందికి ఇచ్చారు. 1930లో మొదలైన రెడ్ స్టార్ 38 లక్షల దాకా ఇచ్చారు. విజయానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 1985లో, అప్పటికి బతికి ఉన్న యుద్ధవీరులకు ఆర్డర్ ఆఫ్ ద పేట్రియాటిక్ వార్‌ను 70 లక్షలకు పైగా పంచారు. చూపుకు దీనికీ యుద్ధకాలపుదానికీ పెద్ద తేడా తెలియదు. కానీ యుద్ధకాలపు మొదటి తరగతి ఆర్డర్‌లో నిజమైన బంగారం వాడారు, 1985 నాటిది బంగారు పూత పూసిన వెండి. అలాగని లోహమే విలువ అనుకున్నా పొరపాటే. కరిగిస్తే రెడ్ స్టార్‌లో మిగిలేది కాస్తంత వెండి మాత్రమే. అదే రెడ్ స్టార్ అవార్డు పుస్తకంతో, గ్రహీత పేరుతో, ఏ రోజు ఏ నది ఒడ్డున ఏం చేశాడో చెప్పే కాగితంతో కలిసి ఉంటే చరిత్రకారుడు దాన్ని కళ్లకద్దుకుంటాడు.

గార్డ్స్ బ్యాడ్జీ సంగతి చూడండి. ఇంతగా అపార్థానికి గురైన బ్యాడ్జీ మరొకటి లేదేమో. కోలగా ఉంటుంది. చుట్టూ బంగారు రంగు ఆకుల దండ, మధ్యలో తెల్లటి మీనా మీద ఎర్ర నక్షత్రం, పైన ‘గార్డియా’ అని రాసిన ఎర్రజెండా, అడుగున దేశం పేరులోని నాలుగు అక్షరాలు. అమ్మేవాళ్లు దీన్ని వీరుడి పతకమని చెబుతారు. 1941 సెప్టెంబరులో స్మొలెన్స్క్ దగ్గర పోరాడిన నాలుగు రైఫిల్ డివిజన్లకు మొదటిసారి గార్డ్స్ హోదా ఇచ్చారు, 1943 మేలో ఈ బ్యాడ్జీ ప్రవేశపెట్టారు. గౌరవం దళానికి దక్కింది. ఆ దళంలో ఉన్న వంటవాడూ ధరించాడు, యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లయ్యాక నిర్బంధ సైనిక సేవకు వచ్చిన కుర్రాడూ ధరించాడు. పారాచూట్ బ్యాడ్జీకి వేలాడే చిన్న బిళ్ల మీద దూకిన సంఖ్య ఉంటుంది. ఆ బిళ్లను విప్పి ఇంకోటి తగిలించడానికి ఒక్క నిమిషం చాలు. పైగా సైనిక దుకాణాల్లో బ్యాడ్జీలు అమ్మేవారు కూడా. సేవ ముగించుకుని ఇంటికి వెళ్లే కుర్రాళ్లు తాము సాధించనివి కొని తగిలించుకుని వెళ్లడం ఆ సైన్యంలో అందరికీ తెలిసిన ఆచారం. అంచేత అసలు బ్యాడ్జీ అయినంత మాత్రాన అది చెప్పే కథ అసలుదని కాదు. ఇక నకిలీల మాట. కొలిమిలో కాల్చిన పాత మీనా గాజులా గట్టిగా, లోతుగా మెరుస్తుంది. కొత్త నకిలీల మీద పోసిన రంగు సూదిమొనకు మెత్తగా లొంగుతుంది, అక్షరాల అంచులు కరిగినట్టు ఉంటాయి. వెనక స్క్రూ, గుండ్రటి నట్టు ఉండాల్సిన చోట సీతాకోకచిలుక రెక్కల లాంటి క్లిప్పు కనబడితే అది చాలావరకు ఇటీవలి సరుకే.

యజమాని లేడన్న మాటకు ఘోరమైన జవాబు ఒకటి చరిత్రలోనే ఉంది. 1983 జులైలో మాస్కోలో వైస్ అడ్మిరల్ గియోర్గి ఖొలొస్త్యాకొవ్‌నూ ఆయన భార్యనూ సొంత ఇంట్లోనే చంపేశారు. వచ్చినవాళ్లు జర్నలిజం విద్యార్థులమని చెప్పుకున్నారు. ఎత్తుకెళ్లింది పురస్కారాలను. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లసముద్రంలో పోరాడిన మనిషి ఇంట్లో పతకాల కోసం ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అందుకే, సంతలో నంబరున్న ఆర్డర్ కనబడినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, అది ఎవరి చేతి నుంచి వచ్చిందన్నదే. ఇదివరకు ఈ ప్రశ్నకు జవాబు దొరకదని సరిపెట్టుకునేవారు. ఇప్పుడా సాకు చెల్లదు. మాస్కో దగ్గర పొదోల్స్క్‌లో రక్షణ శాఖ ఆర్కైవ్ ఉంది. 2010లో ప్రారంభమైన ‘పోద్విగ్ నరోద’ వెబ్‌సైట్‌లో యుద్ధకాలపు అవార్డు పత్రాలను ఎవరైనా పేరుతో వెతికి చదవచ్చు. ఇరాన్ మీదుగా సోవియట్ సేనలకు సరుకు చేరవేసిన మన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇద్దరికి 1944లో రెడ్ స్టార్ ఇచ్చారు: సుబేదార్ నారాయణ్‌రావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్. పత్రాలు ఉన్నాయి కాబట్టే ఆ పేర్లు మనకు తెలిశాయి. నక్షత్రాలు మాత్రమే మిగిలి ఉంటే అవి 38 లక్షల్లో రెండు, అంతే.

స్థావరాల విషయంలోనూ ఇదే పొరపాటు, ఇంకాస్త పెద్ద ఎత్తున. సైన్యం వెళ్లిన మరుక్షణం ఆ నేలకు చట్టబద్ధమైన వారసులు వచ్చారు. లాత్వియాలో స్క్రుండా రాడార్ పట్టణం ఇంటర్నెట్‌లో ‘దెయ్యాల ఊరు’గా ప్రసిద్ధి. అక్కడ కట్టడం పూర్తికాని పెద్ద రాడార్‌ను 1995 మే 4న పేల్చి కూల్చారు, పాతది 1998 ఆగస్టు దాకా పనిచేసింది. ఆ తర్వాత ఊరు ఖాళీ అయింది, వేలానికీ వచ్చింది. ఇప్పుడు దాన్ని లాత్వియా సైన్యం శిక్షణకు వాడుకుంటోంది. పోలండ్‌లో ఒకప్పుడు పటాల్లో కూడా కనబడని సోవియట్ సైనిక స్థావరం బోర్నె సులినోవొ 1993లో పట్టణ హోదా పొందింది. అక్కడిప్పుడు మామూలు జనం కాపురముంటున్నారు. బెర్లిన్‌కు దక్షిణాన ఒకప్పటి సోవియట్ సేనల ప్రధాన స్థావరం వున్స్‌డోర్ఫ్ ఉంది. అక్కడ జర్మన్ సైనిక నాయకత్వపు బంకర్లను మార్గదర్శకుల వెంట వెళ్లి చూడవచ్చు, పాత పుస్తకాల దుకాణాలకూ ఆ ఊరు పేరుపొందింది. ఆ నేల కథ సోవియట్లతో మొదలు కాలేదు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి బందీలుగా చిక్కిన భారత సైనికులను ఉంచిన శిబిరాలు ఇక్కడే ఉండేవి. అక్కడ చనిపోయిన 200 మందికి పైగా భారతీయుల సమాధులు త్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానంలో ఉన్నాయి. అది సైనిక శిక్షణ మైదానం లోపల పడిపోవడంతో దశాబ్దాల పాటు చూసేవారు లేక, రాళ్లు దెబ్బతిని పడి ఉంది. సోవియట్ దళాలు వెళ్లాకే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దాన్ని పునరుద్ధరించింది, 2005లో తిరిగి అంకితం చేశారు. ఎవరిదీ కాదని మనం అనుకునే నేలలో మనవాళ్లే పడుకుని ఉన్నారు.

ప్రమాదాల గురించి జనంలో ఉన్న భయం తప్పు కాదు, కానీ అది తప్పు దిక్కు చూస్తోంది. చెర్నోబిల్ దగ్గరి దూగా రాడార్ మనుషుల మెదళ్లను అదుపు చేసే యంత్రమని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. సుమారు 150 మీటర్ల ఎత్తున్న ఆ యాంటెన్నా పని, క్షితిజం అవతల లేచే క్షిపణులను ముందే పసిగట్టడం. 1976 నుంచి 1989 దాకా ప్రపంచమంతా షార్ట్‌వేవ్ రేడియోల్లో వినబడిన టకటక శబ్దం దానిదే. నిజానికి పాత స్థావరాల్లో మనిషిని పొట్టనబెట్టుకునేవి ఇంతకంటే మామూలువి: కుళ్లిన పైకప్పు, మూత పోయిన గొయ్యి, ఆస్‌బెస్టాస్ దుమ్ము, నేలలో ఇంకిన విమాన ఇంధనం, అన్నిటికీ మించి పేలకుండా మిగిలిన మందుగుండు. 2019 జూన్‌లో జర్మనీలోని యూటెర్‌బోగ్ దగ్గర పాత శిక్షణ మైదానం తగలబడి 700 హెక్టార్లకు పైగా అడవి కాలిపోయింది. నేలలో గుండ్లున్నాయని అగ్నిమాపక దళాలు లోపలికే వెళ్లలేకపోయాయి. తర్ఫీదు పొందినవాళ్లే ఆగిపోయిన చోటికి కెమెరా మెడలో వేసుకుని వెళ్లడం సాహసం అనిపించుకోదు. రేడియేషన్ అసలే ఉండదా అంటే, ఉండేచోట అది సులువుగా కంటబడని చిన్న వస్తువుగా ఉంటుంది. జార్జియాలో త్బిలీసీ దగ్గర లిలో శిక్షణ కేంద్రాన్ని సోవియట్ సైన్యం వదిలి వెళ్లింది. అక్కడ మిగిలిపోయిన సీజియం-137 రేడియేషన్ మూలాల వల్ల 1997లో 11 మంది సరిహద్దు రక్షకులు ఒంటి మీద మానని పుండ్లతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ మూలాల్లో ఒకటి ఒక చలికోటు జేబులో దొరికింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దీని మీద పూర్తి నివేదికే ప్రచురించింది. లోపల దొరికిన చిన్న లోహపు ముక్కను ఊరికే జేబులో వేసుకునేవాళ్లకు ఇంతకు మించిన హెచ్చరిక ఏముంటుంది?

దొరికింది తీసుకోకూడదన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. మేం తీసుకోకపోతే పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోతారు, లేదా తుప్పు తినేస్తుంది, మేం చేసేది రక్షణే కదా అంటారు. ఇందులో సగం నిజం. లిథువేనియాలోని ప్లోక్ష్తినే భూగర్భ క్షిపణి స్థావరం 1978లో మూతపడింది, సైన్యం విడిచాక లోహం దొంగలు దాన్ని ఊడ్చేశారు. కానీ దాన్ని బతికించింది జేబులో వేసుకున్నవాళ్లు కాదు. నాలుగు బావుల్లో ఆర్-12 అణు క్షిపణులను నిలబెట్టిన ఆ స్థావరం 2012 నుంచి ప్రచ్ఛన్న యుద్ధ మ్యూజియం. బావి అంచున నిలబడి లోపలికి చూసినప్పుడు కలిగే ఎరుక, అక్కణ్నుంచి పీకి తెచ్చిన స్విచ్చు బల్ల మీద ఉంటే కలగదు. విశాఖ బీచ్‌రోడ్డులో సోవియట్ తయారీ జలాంతర్గామి కుర్సురాను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. దాని మీటర్లు, టార్పెడో గొట్టాలు, ఇరుకు బెర్తులు ఎక్కడివక్కడే ఉండబట్టి గదా లోపల మనుషులు ఎలా బతికారో పదేళ్ల పిల్లవాడికీ అర్థమవుతోంది. మరికొందరు, ఆక్రమణ సైన్యపు గుర్తులను పోగుచెయ్యడమే తప్పంటారు. లిథువేనియా 2008లో, ఉక్రెయిన్ 2015లో సోవియట్ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను నిషేధించాయి. ఆ దేశాలు పడ్డ బాధ చూస్తే ఆ కోపం న్యాయమే, అక్కడికి వెళ్లినప్పుడు టోపీకి బ్యాడ్జీ తగిలించుకోవడం చట్టరీత్యానే కాదు, మర్యాదరీత్యా కూడా కూడదు. అయితే కాగితాలతో సహా భద్రపరిచిన బ్యాడ్జీ పొగడ్త కాదు, సాక్ష్యం. ఏ దళం ఎక్కడుందో, ఏం చేసిందో అది నమోదు చేస్తుంది, తప్పుచేసినవాళ్ల పక్షాన వకాల్తా పుచ్చుకోదు.

కాబట్టి ఈ అభిరుచి మీద మనసు పడ్డవాళ్లకు ఒక విన్నపం. నంబరున్న ఆర్డర్ల జోలికి వెళ్లకండి, బ్యాడ్జీలతో మొదలుపెట్టండి. కొన్న ప్రతిదాని పక్కన ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో ఆ రోజే రాసి పెట్టండి. స్థావరాలు చూడాలనుకుంటే ప్లోక్ష్తినే, వున్స్‌డోర్ఫ్ లాంటి అనుమతి ఉన్నచోట్లకు టికెట్ కొనుక్కుని వెళ్లండి. వున్స్‌డోర్ఫ్ దాకా వెళ్లినవాళ్లు త్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానానికీ వెళ్లి, ఆ రాళ్ల మీది మనవాళ్ల పేర్లు ఒక్కసారి చదివి రండి.