300 మీటర్ల దూరం, 8 సెంటీమీటర్ల తేడా: మిగులు బుల్లెట్ల గురి లెక్కలు

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. పాయింట్ టూ టూ రైఫిల్, 25 గజాల దూరం, బోర్లా పడుకుని 5 రౌండ్లు. రంధ్రాలన్నీ ఒక అంగుళంలో ఇమిడితే గ్రూపింగ్ బాగున్నట్టు. దూరం పెరిగేకొద్దీ గ్రూపింగ్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని అక్కడే నేర్పుతారు. 300 మీటర్లంటే 328 గజాలు, అంటే 25 గజాలకు 13 రెట్లు. ఇక్కడ అంగుళం ఉన్న గ్రూపు అక్కడ 13 అంగుళాలు, సుమారు 33 సెంటీమీటర్లు అవుతుంది. అంతర్జాతీయ 300 మీటర్ల టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం వ్యాసం 10 సెంటీమీటర్లే. 9 పాయింట్లది 20, ఎనిమిదిది 30. దగ్గర్లో శెభాష్ అనిపించుకున్న గ్రూపు దూరం వెళ్లేసరికి 8 పాయింట్ల వలయం కూడా దాటిపోతోంది.

ఈ తేడాలో కొంత మనిషిది, కొంత రైఫిల్‌ది, మిగిలింది తూటాది. తూటా వంతు తగ్గించడానికే అమెరికా వంటి దేశాల్లో షూటర్లు సొంతంగా తూటాలు నింపుకుంటారు. ఖాళీ ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగిస్తారు. ఖర్చు కలిసొస్తుందని చాలామంది సైన్యం వదిలేసిన మిగులు బుల్లెట్లు కొంటారు. ఆ చౌక బుల్లెట్‌తో మంచి గురి సాధ్యమేనా? త్రీ నాట్ త్రీని ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం. దశాబ్దాల పాటు మన పోలీసుల భుజాన వేలాడిన రైఫిల్ అది.

174 గ్రెయిన్లు: బరువు తేడా ఎంత చెరుపు చేస్తుంది?

1910లో వచ్చిన మార్క్ 7 రకం త్రీ నాట్ త్రీ బుల్లెట్ బరువు 174 గ్రెయిన్లు, అంటే 11.27 గ్రాములు. పాత తులం 180 గ్రెయిన్లు కాబట్టి తులానికి కాస్త తక్కువ. బ్యారెల్ దాటేటప్పుడు వేగం సెకనుకు 744 మీటర్లు. 300 మీటర్లు చేరడానికి సుమారు 0.47 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణ దాన్ని దాదాపు ఒక మీటరు కిందికి లాగుతుంది.

ఇప్పుడు ఒక బుల్లెట్ బరువు 1 శాతం, అంటే 1.7 గ్రెయిన్లు ఎక్కువ ఉందనుకుందాం. అదే మందుతో వేగం ఇంచుమించు అర శాతం తగ్గుతుంది. కిందికి దిగే దూరం 1 శాతం పెరుగుతుంది. మీటరులో 1 శాతం ఒక సెంటీమీటరు. గంటల తరబడి త్రాసు ముందు కూర్చుని బుల్లెట్లను బరువుల వారీగా వేరుచేస్తే 300 మీటర్ల దగ్గర దక్కే లాభం ఇంతే.

దూరం పెరిగితే మాత్రం ఈ లెక్క మారిపోతుంది. 900 మీటర్ల దగ్గర బుల్లెట్ పది మీటర్లకు పైగా దిగుతుంది. వేగంలో 1 శాతం తేడా ఉంటే అక్కడ పైకో కిందికో పావు మీటరు దాకా తప్పుతుంది. వేగం నిలకడ, అంటే మందు తూకంలో నిలకడ, దూరపు పోటీల్లో ప్రాణాధారం.

0.01 మిల్లీమీటరు: అసలు దొంగ ఇక్కడున్నాడు

త్రీ నాట్ త్రీ బ్యారెల్ లోపలి గాడులు ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. 10 అంగుళాలంటే 0.254 మీటరు. 744 మీటర్ల వేగాన్ని 0.254తో భాగిస్తే సెకనుకు 2,929 చుట్లు, అంటే నిమిషానికి లక్షా 75 వేలకు పైగా. బుల్లెట్ తలకిందులు కాకుండా నిలబెట్టేది ఈ తిరుగుడే.

బుల్లెట్ బరువు కేంద్రం సరిగ్గా నడి అక్షం మీద ఉంటే ఇబ్బంది లేదు. అది 0.01 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. తల వెంట్రుక మందంలో ఏడో వంతు. బ్యారెల్ లోపల ఉన్నంతసేపు గోడలు దాన్ని పట్టి ఉంచుతాయి. బయటపడిన క్షణాన ఆ పట్టు పోతుంది. వడిసెల తాడు వదలగానే రాయి దూసుకుపోయినట్టు బుల్లెట్ సెకనుకు 18 సెంటీమీటర్ల వేగంతో పక్కకు లాగుతుంది. 0.47 సెకనులో అది 8 సెంటీమీటర్లకు పైనే. ఎటువైపు లాగుతుందనేది బ్యారెల్ దాటేటప్పుడు బరువు ఎటు ఉందన్న దానిపై ఆధారపడుతుంది. ఒకటి కుడికి పోతే ఇంకొకటి ఎడమకు పోవచ్చు, అప్పుడు గ్రూపు 16 సెంటీమీటర్లు దాటుతుంది.

ఒక శాతం బరువు తేడాకు ఒక సెంటీమీటరు, వందో వంతు మిల్లీమీటరు అసమతుల్యతకు ఎనిమిది. బుల్లెట్‌లోనే ఉన్న ఈ లోపాన్ని మందు తూకంతో ఎవరూ సరిదిద్దలేరు.

మిగులు బుల్లెట్‌లో ఈ లోపం ఎందుకెక్కువ? మార్క్ 7 బుల్లెట్ ఒకే లోహపు ముద్ద కాదు. పైన లోహపు తొడుగు, లోపల వెనక భాగంలో సీసం, ముందు మొనలో అల్యూమినియం లేదా చెక్క గుజ్జు వంటి తేలిక పదార్థం ఉంటాయి. మూడు భాగాలూ ఒకే అక్షం మీద కూర్చోవాలి. యుద్ధ కాలంలో ఫ్యాక్టరీలకు కావలసింది కోట్ల సంఖ్యలో సరుకు. సైనికుడి అవసరానికి ఆ నాణ్యత చాలు, టార్గెట్ మీద 10 పాయింట్ల వలయానికి చాలదు. పైగా పాత తూటాల నుంచి పీకి అమ్మే బుల్లెట్లకు పట్టకారు గాట్లు పడతాయి, గుండ్రదనం చెడుతుంది.

0.08 మిల్లీమీటరు: పేరు చూసి మోసపోవద్దు

నాటో 7.62 బుల్లెట్ అసలు వ్యాసం 0.308 అంగుళం, అంటే 7.82 మిల్లీమీటర్లు. త్రీ నాట్ త్రీది 0.311 అంగుళం, 7.90 మిల్లీమీటర్లు. రష్యన్ 7.62 బుల్లెట్లు పేరుకు నాటో వాటితో సమానంగా కనిపించినా కొలతలో త్రీ నాట్ త్రీకే దగ్గర. నాటో బుల్లెట్‌కూ త్రీ నాట్ త్రీకీ మధ్య తేడా 0.08 మిల్లీమీటరు. బుల్లెట్ సన్నమైతే గాడులు దాన్ని సరిగా పట్టవు, గురి చెదురుతుంది. లావైతే పీడనం పెరుగుతుంది. తూటా పేలినప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి 3,000 రెట్లు దాటుతుంది. అందుకే చట్టం అనుమతించే దేశాల్లో కూడా కొత్త బుల్లెట్‌కు పాత కొలతతో మందు పోయరు. తయారీదారు అచ్చువేసిన పట్టికను దాటి అడుగు వేయరు.

173 నుంచి 168కి: అమెరికన్ షూటర్లు నేర్చిన పాఠం

అమెరికా సైన్యం పోటీల కోసం ఇచ్చిన 7.62 మ్యాచ్ తూటాలో 173 గ్రెయిన్ల బుల్లెట్ ఉండేది. అక్కడి షూటర్లు ఆ బుల్లెట్‌ను పీకేసి, అదే కేసు, అదే మందు మీద 168 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్ బుల్లెట్ పెట్టుకునేవారు. 300 మీటర్ల పోటీల కోసమే రూపొందిన బుల్లెట్ అది. ఈ పద్ధతికి 'మెక్సికన్ మ్యాచ్' అని పేరు. సైన్యం సరుకులో వాళ్లు మిగతావన్నీ ఉంచుకుని మార్చింది బుల్లెట్‌నే. మన లెక్క చెప్పిందీ అదే.

3 దెబ్బలా, 10 దెబ్బలా?

మిగులు బుల్లెట్‌తో అద్భుతమైన గ్రూపు వచ్చిందని చూపించేవాళ్లు తరచూ 3 రంధ్రాల కాగితం చూపిస్తారు. గణాంక శాస్త్రం ప్రకారం ఒకే రైఫిల్, ఒకే తూటాతో 3 దెబ్బల గ్రూపు సగటున 2.4 యూనిట్లు ఉంటే, 5 దెబ్బలది 3.1, పది దెబ్బలది 3.8 ఉంటుంది. తూటా మారలేదు, లెక్కపెట్టిన రంధ్రాల సంఖ్యే మారింది. పది దెబ్బలు కొట్టకుండా ఏ తూటా మీదా తీర్పు చెప్పకూడదు.

7 ఏళ్లు: మన చట్టం మాట

ఇదంతా తెలుసుకోవడానికే, మన దగ్గర ఇంట్లో చేసి చూడటానికి కాదు. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు నిర్వచనం కిందికి తూటా విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సైన్యం తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదనే ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిల్ వేరుగా తయారుచేసింది.

అయినా గురి మీద ప్రేమ ఉన్నవాళ్లకు దారి మూసుకుపోలేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం 701.5 దగ్గర ఉంది. ఆ టార్గెట్ మీద 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఫైనల్ లెక్కలో 0.1 పాయింటు 0.25 మిల్లీమీటరుతో సమానం. రజతానికీ కాంస్యానికీ మధ్య ఉన్న 0.4 పాయింటు అంటే ఒక్క మిల్లీమీటరు. ఈ స్థాయి షూటర్లు పెల్లెట్లు సొంతంగా తయారుచేసుకోరు. ఒక్కో బ్యాచ్‌ను తమ రైఫిల్‌తో పరీక్షించి, సరిపడినదాన్ని ఎంచుకుంటారు. చట్టబద్ధంగా మనవాళ్లకూ అందుబాటులో ఉన్న పద్ధతి అదే.

మిగులు బుల్లెట్ సాధనకు పనికొస్తుంది, పోటీకి పనికిరాదు. అమెరికాలో స్థిరపడి రేంజికి వెళ్లే తెలుగువాళ్లు త్రాసు మీద పెట్టే డబ్బు మంచి బుల్లెట్ మీద పెట్టడం మేలు. వరంగల్‌లో గురి నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎన్‌సీసీలోనో, గుర్తింపు ఉన్న షూటింగ్ శిక్షణ కేంద్రంలోనో చేరండి. ప్రతిసారీ పది దెబ్బలు కొట్టి, వాటి వెడల్పు కొలిచి రాసిపెట్టుకోండి.