బోదకాలుకి మెత్తని చెయ్యే మందు

మా పోచంపల్లిలో గుంట మగ్గం మీద నేసేవాళ్లకు పొద్దంతా కాళ్లు గుంటలోనే ఉంటాయి. మా పెద్దమ్మకు ఎడమకాలు బోదకాలు. సాయంత్రానికి వాపు ఇంకా పెరిగేది. "గట్టిగ రుద్దు బిడ్డా, నీరు దిగుతది" అంటే, వేడి నూనెతో బలమంతా పెట్టి రుద్దేదాన్ని. అది తప్పని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా తెలియదు.

దోమకాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగులు శోషరస నాళాలను పాడుచేస్తాయి. నీరు కదలక కాలు ఉబ్బుతుంది. ఈ నాళాల్లో చాలావరకు చర్మం కిందే ఉంటాయి కాబట్టి వాటికి బలం అక్కర్లేదు. 1930ల్లో డెన్మార్క్‌కు చెందిన వోడర్ దంపతులు రూపొందించిన పద్ధతిలో చర్మాన్ని మెల్లగా సాగదీసి వదులుతారు. ముందు గజ్జల దగ్గర, తర్వాత తొడ, ఆపైన పిక్క, పాదం. చెయ్యి మాత్రం ఎప్పుడూ పైవైపే కదలాలి. మొదట నిపుణుల దగ్గర నేర్చుకోండి.

జ్వరమొచ్చినా, కాలు ఎర్రబడి మండినా, పిక్కలో హఠాత్తుగా నొప్పి, వాపు వచ్చినా, గుండెజబ్బు ఉన్నా మసాజ్ వద్దు. ముందు డాక్టరుకు చూపించాలి.

మసాజ్ ఒక్కటే చాలదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. మాటిమాటికీ వచ్చే జ్వరాలను ఆపేది ఈ శుభ్రతే. చెప్పినట్టు కట్టు కట్టుకోవాలి, పడుకునేటప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి.

పెద్దమ్మ కాలు మామూలు కాలేదు. కానీ సాయంత్రం బరువు తగ్గింది. మధ్యమధ్యలో మగ్గం దిగి నాలుగడుగులు వేస్తోంది. "గింత మెల్లగనా?" అని మొదట్లో నవ్వింది. ఇప్పుడు నా చెయ్యి కాస్త బరువైతే తనే ఆపుతుంది.