తనకొచ్చిన పని పదిమందికి నేర్పిన డాక్టర్ సిస్టర్

మా నాయినమ్మకు ఆరు కాన్పులు. ఆరూ ఇంట్లనే అయినయి. ఒకసారి బిడ్డ అడ్డం తిరిగితే పట్నం దవాఖానకు తీస్కపోదామని మా తాత బండి గట్టిండట. "మొగ డాక్టర్ నన్ను ముట్టుకుంటడా? సచ్చినా పోను" అని ఆమె మొండికేసింది. బిడ్డ దక్కలే. ఆమె మాత్రం బతికి బయటపడ్డది. గీ ముచ్చట చెప్పేటప్పుడు నాయినమ్మ ఏడ్వది. "గప్పుడు ఆడ డాక్టర్ ఉంటే పోతుంటి బిడ్డా" అంటది, గంతే.

గా మాట ఇన్నప్పుడల్లా నాకు గుంటూరులో పనిచేసిన ఒక సిస్టర్ యాదికొస్తది. పేరు మేరీ గ్లౌరీ. నేను చర్చికి పోయేటోణ్ణి కాదు. గందుకే ముందే చెప్తున్న, ఇది మతం ముచ్చట కాదు, పని ముచ్చట.

మేరీ గ్లౌరీ 1887ల ఆస్ట్రేలియా దేశం విక్టోరియా రాష్ట్రంల పుట్టింది. ఆడపిల్లలు డాక్టర్ సదువుడే అరుదైన కాలంల, 1910ల మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి డాక్టర్ పట్టా తీసుకున్నది. అక్కడి పెద్ద దవాఖానల్ల పనిచేసింది. సొంత ప్రాక్టీసు కూడ ఉండె. ఏ లోటూ లేని బతుకు.

1915ల ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించి. పరదాల ఉండే ఆడోళ్లు మొగ డాక్టర్ల దగ్గరికి రారు, వైద్యం అందక తల్లులు, పిల్లలు సచ్చిపోతున్నరని చూసి, రావల్పిండిల ఆడోళ్ల కోసం దవాఖాన పెట్టించిన మనిషి ఆమె. అంటే మా నాయినమ్మ కథే, వేరే ఊర్లె. అది సదివినంక మేరీ గ్లౌరీ ఇండియాకు రావాలని గట్టిగ అనుకున్నది.

అనుకున్న ఎంటనే బయలెల్లలే. ఇక్కడ అక్కరొచ్చేది ఏందో అదే ఇంకా సదివింది. కాన్పులు, ఆడోళ్ల రోగాలు, కండ్ల వైద్యం మీద 1919ల ఎండీ పూర్తి చేసింది. 1920 ఫిబ్రవరిల గుంటూరుల అడుగుపెట్టింది. గప్పటికి ఆమెకు 32 ఏండ్లు. నెదర్లాండ్స్ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న జేఎంజే సిస్టర్లల్ల చేరింది.

ఇక్కడ జర ఆగి ఒక సంగతి తెలుసుకోవాలె. గా రోజుల్ల చర్చి రూలు ప్రకారం సన్యాసినులు డాక్టర్ పని చేయొద్దు. కాన్పు చేసుడైతే అసలే కుదరదు. సన్యాసం తీసుకున్నోళ్లు గసొంటి పనికి దూరం ఉండాలని పాత ఆలోచన. ఒక దిక్కు మొగ డాక్టర్ దగ్గరికి ఆడోళ్లు పోరు. ఇంకో దిక్కు సేవ చేస్తమని వచ్చిన ఆడోళ్లను రూలు చేయనియ్యది. నడుమ పాణం పోయేది ఎవరిది? కాన్పుకు ఉన్న తల్లిది.

మేరీ గ్లౌరీ కోసం పోప్ పదిహేనో బెనెడిక్ట్ దగ్గరి నుంచి ప్రత్యేకంగ పర్మిషన్ తెచ్చిన్రు. గట్ల సన్యాసిని అయ్యి కూడ డాక్టర్‌గ పనిచేసింది. రూలు అందరికీ సడలింది 1936ల. అంటే ఆమె వచ్చిన పదహారేండ్లకు. మంచి పనికి రూలు అడ్డమొస్తే, పని ఆపొద్దు, రూలు మారేదాంక అడగాలె అని నాకు ఇక్కడ సమజైంది.

గుంటూరుల సిస్టర్లు నడిపే చిన్న మందుల గది ఆమె చేతిల సెయింట్ జోసెఫ్ దవాఖానగ ఎదిగింది. గని ఒక్క డాక్టర్ ఎంతమందిని చూస్తది? పొద్దుగాల నుంచి రాత్రిదాంక చూసినా లైను ఒడువది. ఆమె రెండు చేతులు సరిపోవు. గందుకే ఇక్కడి ఆడపిల్లలకు పని నేర్పింది. మందులు కలుపుడు, కాన్పు చేసుడు, రోగిని సూసుకునుడు నేర్పి కాంపౌండర్లుగ, మంత్రసానులుగ, నర్సులుగ తయారు చేసింది.

నా లెక్కల ఆమె చేసిన అసలు పని ఇదే. మందు ఇస్తే ఒక్క రోగం తగ్గుతది. పని నేర్పితే, నేర్చుకున్న పిల్ల యాడికి పోతే ఆడ పది పాణాలు నిలబడతయి. పైగా ఆ పిల్ల ఎవరి దయ మీదనో బతకది, తన చేతి పని మీద బతుకుతది. దానానికి, సదువు చెప్పుడుకు తేడా గిదే.

1943ల ఇంకో అడుగేసింది. ఒక్కో దవాఖాన ఒక్కో మూలకు ఒంటరిగ కొట్లాడుడు ఎందుకని, కొంతమంది సిస్టర్లను కూడగట్టి క్యాథలిక్ హాస్పిటల్ అసోసియేషన్ పెట్టింది. ఇప్పుడు దాని పెద్దాఫీసు మన సికింద్రాబాద్‌లనే ఉన్నది. దేశం మొత్తంల మూడు వేలకు పైగా సంస్థలు అండ్ల సభ్యులు. మన దగ్గర ఒక మెడికల్ కాలేజీ కూడ రావాలని ఆమె ఆశపడ్డది. బెంగళూరుల సెయింట్ జాన్స్ కాలేజీ 1963ల మొదలైంది. అప్పటికే ఆమె లేదు. 1957 మే 5న బెంగళూరులనే కన్ను మూసింది. వచ్చి 37 ఏండ్లాయె, మళ్ల పుట్టిన దేశం మొఖం చూడలే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్ననంటే, మా చిన్నాయిన బిడ్డ ఈ ఏడు ఇంటర్ బైపీసీ పాసైంది. నర్సింగ్ సదువుత అంటున్నది. ఇంట్ల లొల్లి. "రాత్రి డ్యూటీలా? ఊరోళ్ల మలమూత్రాలు ఎత్తుడా? రేపు సంబంధాలెట్ల వస్తయి?" అని చిన్నాయిన. గీ మాటలు మీ ఇండ్లల్ల కూడ ఇనబడతనే ఉంటయి. ఆపతొస్తే మనందరికీ నర్సు కావాలె, గని ఆ నర్సు మన ఇంటి పిల్ల కావొద్దు! నూరేండ్ల కింద సముద్రం దాటొచ్చిన ఒక డాక్టర్ మన ఆడపిల్లలకు నేర్పిన పనిని, మనం ఇయ్యాల తక్కువ పని అంటున్నం.

మొన్న రాత్రి బువ్వ తినేటప్పుడు మేరీ గ్లౌరీ కథ అందరికీ చెప్పిన. చిన్నాయిన ఏం మాట్లాడలే. నాయినమ్మ మాత్రం చెయ్యి కడుక్కుంట, "పోరిని పోనియ్యిరా. గప్పుడు ఇసొంటిది ఒక్కతి ఉన్నా నా బిడ్డ బతికేటోడు" అన్నది.

దరఖాస్తు ఫారం ఇంకా అల్మారలనే ఉన్నది. చిన్నాయిన దస్కత్ కోసం ఎదురుచూస్తున్నం.