కార్డు మీద లేని చిరునామా

ఇంటి నంబరు, రామాలయం వీధి, కోటవురట్ల, అనకాపల్లి జిల్లా, పిన్‌కోడు. విదేశీ వెబ్‌సైటులో ఏదైనా కొనబోతే ‘బిల్లింగ్ అడ్రస్’ గడిలో ఇంత ఓపిగ్గా నింపుతాం. తమాషా ఏమిటంటే, దాన్ని మన బ్యాంకు సాధారణంగా చూడనే చూడదు.

అమెరికా, బ్రిటన్, కెనడా బ్యాంకులకు అడ్రస్ సరిచూసే ఏర్పాటు ఉంది. అదీ ముఖ్యంగా అంకెలే చూస్తుంది: ఇంటి నంబరు, పోస్టల్ కోడు. రికార్డుతో కలిశాయో లేదో ఒక్క అక్షరంలో జవాబు పంపుతుంది. న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి అక్కడి కార్డుతో కోటవురట్లలోని అమ్మకు చీర పంపుతూ, బిల్లింగ్ గడిలోనూ ఊరి అడ్రసే రాస్తే చిక్కు ఇక్కడే వస్తుంది. చీర వెళ్లాల్సింది కోటవురట్లకైనా, ఆ గడిలో ఉండాల్సింది న్యూజెర్సీ ఇల్లే.

మరి మన కార్డుల సంగతి? వీధి తెలియకపోయినా దేశం తెలుస్తుంది. కార్డు నంబరులోని మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలను బట్టి దాన్ని ఇచ్చిన బ్యాంకునూ దేశాన్నీ పట్టుకోవచ్చు. ఇంటర్నెట్ కనెక్షన్‌కుండే ఐపీ చిరునామా ఇంకో ఆధారం. మనం రాసిన దేశం వీటితో పొసగకపోతే అది దొంగిలించిన కార్డేమోనని అమ్మేవాడికి అనుమానం వస్తుంది. సెలవులకు ఊరొచ్చినవాళ్ల మీదా ఈ అనుమానం పడుతుంది, పాపం.

దొంగల బెడద ఒక్కటే అయితే ఇంత తంటా అక్కర్లేదేమో. పన్ను కూడా ఉంది. విదేశీ కంపెనీ ఆన్‌లైన్‌లో అమ్మే సినిమా చందా లాంటి సేవకు మన దేశంలో 18 శాతం జీఎస్టీ కట్టాలి. కొన్నవాడు భారత్‌లో ఉన్నాడని తేల్చడానికి 2017 నాటి ఐజీఎస్టీ చట్టం, 13వ సెక్షనులో ఏడు ఆనవాళ్లు చెప్పింది. కార్డు ఇచ్చిన దేశం, బిల్లింగ్ అడ్రస్, ఐపీ చిరునామా, బ్యాంకు ఖాతా, సిమ్ దేశపు కోడు వగైరా. ఒకదానికొకటి విరుద్ధం కాని రెండు దొరికితే చాలు. రేటు తక్కువని ఇంకో దేశం పేరు రాసేవాళ్ల ఎత్తు తరచూ పారకపోవడానికి ఇదో కారణం.

మనకు అడ్రస్‌కు బదులు ఓటీపీ ఉంది. ఆన్‌లైన్ చెల్లింపులకు అలాంటి రెండో తనిఖీని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. విదేశీ సైట్లు చాలావరకు అది అడగవు. పైగా 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి, మనమే తెరిపించుకోవాలి. కాబట్టి కార్డు చెల్లలేదంటే ‘కోటవురట్ల’ స్పెల్లింగు మార్చి మార్చి రాయడం కంటే, ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపుల మీట నొక్కి ఉందో లేదో చూడటం మేలు.